హైదరాబాద్ హోటళ్ళు కోలుకున్నాయట, మరి మా స్టేషన్ రోడ్డు లాడ్జి సంగతేంటి?

స్టేషన్‌రోడ్ లాడ్జి (25 అక్టోబర్ 2025)

అందరికీ నమస్కారం. సికింద్రాబాద్ స్టేషన్‌కి నడిచి వెళ్ళేంత దూరంలో మాకు 28 గదుల లాడ్జి ఉంది. నాన్నగారు కట్టించారు, ఇప్పుడు నేను చూసుకుంటున్నాను. పేపర్ తెరిస్తే హోటళ్ళకి ఇంత మంచి రోజులు ఎప్పుడూ లేవని రాస్తున్నారు. తాజ్ హోటళ్ళ కంపెనీ 2020-21లో 720 కోట్లు నష్టపోయింది. అదే కంపెనీ 2022-23లో వెయ్యి కోట్ల లాభం దాటింది. మా దగ్గర మాత్రం సగం గదులు నిండితే ఆ రోజు పండగే. కరోనాకి ముందు ఇలా లేదు.

ఇంట్లో తలో మాట అంటున్నారు. తమ్ముడు అప్పు తెచ్చి గదులన్నీ కొత్తగా చేయించి రేటు పెంచుదామంటాడు. బావగారు ఏదైనా కంపెనీకి లీజుకిచ్చేసి నిశ్చింతగా ఉండమంటారు. అమ్మ అయితే లేడీస్ హాస్టల్ చేసెయ్యమంటుంది. అసలు ఈ కోలుకోవడం అనేది మా దాకా వస్తుందా రాదా? ఈ రంగంలో ఉన్నవాళ్ళు కాస్త చెప్పండి.

నైట్ డ్యూటీ మేనేజర్

నేను హైటెక్ సిటీలో ఒక పెద్ద హోటల్లో పని చేస్తాను, కాబట్టి మా వైపు సంగతి చెప్తాను. హోటళ్ళు కోలుకున్న మాట నిజమే, అయితే ఆ కోలుకోవడం ఎక్కువగా రేటులో కనిపిస్తుంది. లెక్క కోసం ఒక ఉదాహరణ. వంద గదుల హోటల్లో 70 గదులు 5,000 చొప్పున పోతే రోజుకి మూడున్నర లక్షలు. 62 గదులే పోయినా 7,000 చొప్పున పోతే 4 లక్షల 34 వేలు. ఎనిమిది గదులు తక్కువ శుభ్రం చేసి, ఎనభై నాలుగు వేలు ఎక్కువ సంపాదించినట్టు. కరోనా తర్వాత పెద్ద హోటళ్ళు ఈ పాఠం బాగా వంటబట్టించుకున్నాయి. ఇదివరకు గది ఖాళీగా ఉంటే ఎంతకైనా ఇచ్చేద్దాం అనేవాళ్ళు. ఇప్పుడు ఖాళీగానైనా ఉంచుతారు గానీ రేటు పడనివ్వరు.

మంగళవారం సాయంత్రం మా డెస్క్ దగ్గర నిలబడితే మీకే అర్థమవుతుంది. ఆరింటికి సిస్టమ్‌లో పదిహేను గదులు మిగిలి ఉంటాయి. అవి నాలుగవగానే రేటు దానంతటదే పైకి వెళ్తుంది. ఎనిమిదింటికి ఎయిర్‌పోర్ట్ క్యాబుల్లో కంపెనీ వాళ్ళు దిగుతారు, మెడలో ఐడీ కార్డు తియ్యకుండానే చెకిన్ అవుతారు. పదిన్నరకి ఎవరైనా నేరుగా వచ్చి గది అడిగితే, మధ్యాహ్నం రేటుకి ఒకటిన్నర రెట్లు చెప్తాం, వాళ్ళు తీసుకుంటారు కూడా. అదే లాబీలో శనివారం చూడండి, పిల్లలతో బఫేకి వచ్చిన కుటుంబాలే ఉంటాయి, పైన గదులు ఖాళీ.

మీ దగ్గరికి వచ్చే అతిథి వేరు. ఆయన బిల్లు కంపెనీ కట్టదు, తన జేబులోంచి తీస్తాడు. అందుకే మా రేటు పెరిగినంత మాత్రాన మీది పెరగదు.

ఎర్రమంజిల్ ఎక్స్‌ప్రెస్

ఒకటిన్నర రెట్లు చెప్తాం, తీసుకుంటారు కూడా! ఎంత చల్లగా చెప్పారండీ. సొంత డబ్బుతో తిరిగే మాబోటి వాళ్ళం ఈ ఊళ్ళో పని పడితే బంధువుల ఇళ్ళకే పోతున్నాం, అదీ అసలు సంగతి.

మాజీ బ్యాంకు మేనేజర్

లాడ్జి బాబూ, మీ తమ్ముడికి ఒక మాట చెప్పండి. ఈ ఐదేళ్ళలో ఎవరు నిలబడ్డారు, ఎవరు పోయారు అన్నది హోటల్ ఎంత బాగుందన్న దాన్ని బట్టి తేలలేదు. 2020 మార్చి నాటికి ఎంత అప్పు ఉందన్న దాన్ని బట్టి తేలింది. నేను ఆ ఫైళ్ళు చూసినవాణ్ణి కాబట్టి చెప్తున్నాను.

మార్చి 2020 నుంచి ఆగస్టు దాకా రిజర్వ్ బ్యాంకు మారటోరియం ఇచ్చింది. వాయిదా ఆగింది గానీ వడ్డీ ఆగలేదు. జూన్ 8 నుంచి తెరుచుకోవచ్చన్నారు, తెరిచినా వచ్చేవాడు లేడు. అప్పటికి కొన్ని హోటళ్ళని బతికించింది వందే భారత్ మిషన్ విమానాల్లో విదేశాల నుంచి వచ్చినవాళ్ళ క్వారంటైన్. తర్వాత 2021 మార్చిలో ప్రభుత్వ గ్యారంటీతో ఇచ్చే అత్యవసర రుణ పథకాన్ని హోటళ్ళకి పెంచి, పాత బకాయిలో 40 శాతం దాకా కొత్త అప్పు ఇవ్వమన్నారు. మొత్తం గడువు ఆరేళ్ళు, అందులో మొదటి రెండేళ్ళు అసలు (ప్రిన్సిపల్) మొత్తం కట్టక్కర్లేదు. 2022 బడ్జెట్లో ఇంకో 50 వేల కోట్ల గ్యారంటీ ప్రత్యేకంగా ఈ రంగానికే కేటాయించారు.

ఇది దేవుడిలా ఆదుకుంది, ఒప్పుకుంటాను. కానీ తేదీలు చూడండి. 2021లో తీసుకున్నవాడికి 2023 నుంచి అసలు కట్టడం మొదలై 2027లో తీరుతుంది. ఈ మధ్య హోటళ్ళు సంపాదించిన దాంట్లో చాలా భాగం ఈ వాయిదాలకే పోయింది. పేపర్లో కనిపించే లాభం పెద్ద కంపెనీలది. వాళ్ళు షేర్లు అమ్మి డబ్బు తెచ్చుకోగలరు. మధ్య తరగతి హోటల్ యజమానికి ఆ దారి ఎక్కడిది?

బే ఏరియా బాబాయ్

శాన్ ఫ్రాన్సిస్కో దగ్గర ఉంటాను. మీ చర్చ చూస్తుంటే ఒకటి రాయాలనిపించింది. రెండూ సాఫ్ట్‌వేర్ ఊళ్ళే కదా, మరి ఇక్కడ తలకిందులుగా ఎందుకు జరిగింది?

2023 జూన్‌లో ఇక్కడ రెండు పెద్ద హోటళ్ళ యజమాని, పార్క్ హోటల్స్ అనే కంపెనీ, అప్పు కట్టడం ఆపేసి హోటళ్ళని అప్పులవాళ్ళకే వదిలేస్తామని ప్రకటించింది. ఒకటి యూనియన్ స్క్వేర్ హిల్టన్, 1,921 గదులు. ఇంకొకటి పార్క్ 55, 1,024 గదులు. అప్పు 72.5 కోట్ల డాలర్లు. ఊరి నడిబొడ్డున ఉన్న హోటళ్ళవి.

కారణాలు చాలా చెప్తారు గానీ నాకు కనిపించింది ఇదీ. ఆ హోటళ్ళు ఊళ్ళోని మోస్కోన్ సెంటర్ అనే సదస్సుల భవనంలో జరిగే పెద్ద పెద్ద సదస్సుల మీద బతికేవి. సాఫ్ట్‌వేర్ కంపెనీ ఒరాకిల్ తన వార్షిక సదస్సుని లాస్ వెగాస్‌కి మార్చేస్తానని కరోనా రాకముందే, 2019 చివర్లోనే చెప్పేసింది. తర్వాత కరోనా, ఇంటి నుంచి పని. డౌన్‌టౌన్ ఆఫీసుల్లోకి జనం తిరిగి రాలేదు, చైనా నుంచి వచ్చే పర్యాటకులూ రాలేదు. అదే కాలంలో ఇక్కడి కంపెనీలు హైదరాబాద్‌లో సొంత కేంద్రాలు పెంచుకుంటూ పోయాయి. ఆఫీసు సోమవారాల్లో బోసిపోయి ఉంటుంది, మా మేనేజర్ మాత్రం మూడు నెలలకోసారి గచ్చిబౌలి వెళ్ళొస్తాడు. అంటే ఇక్కడ ఖాళీ అయిన గదికీ మీ నైట్ డ్యూటీ గారి మంగళవారానికీ చుట్టరికం ఉందన్నమాట.

మాజీ బ్యాంకు మేనేజర్

బాబాయ్ గారూ, మంచి మాట చెప్పారు. ఒకటి కలుపుతాను. మీ దగ్గర ఆ అప్పుకి తాకట్టు హోటల్ ఒక్కటే. తాళాలు ఇచ్చేస్తే యజమానికి ఇంకేం పట్టింపు లేదు. మన దగ్గర ప్రొమోటర్, అంటే హోటల్ పెట్టిన యజమాని, వ్యక్తిగత గ్యారంటీ రాస్తాడు, చాలాసార్లు ఇల్లు కూడా పెడతాడు. అందుకే మనవాడు తాళాలు ఇవ్వడు. స్టాఫ్‌ని తగ్గిస్తాడు, బావమరిది దగ్గర తెస్తాడు, ఒక ఫ్లోర్ మూసేసి రెండో ఫ్లోర్ నడుపుతాడు. కాబట్టి ఇక్కడ మూతపడ్డ హోటళ్ళ లెక్క తక్కువగా కనిపిస్తుంది, నలిగిపోయిన కుటుంబాల లెక్క ఎవరూ రాయరు.

కల్యాణం కమనీయం

ఇక్కడ అందరూ గదుల గురించే మాట్లాడుతున్నారు. నేను పెళ్ళిళ్ళ ఏర్పాట్లు చేస్తాను, నా వైపు నుంచి చెప్తే కథ వేరే. అంతర్జాతీయ విమానాలు మామూలుగా మొదలైందే 2022 మార్చి 27న. అప్పటిదాకా పెద్ద హోటళ్ళని నిలబెట్టింది ఎవరనుకుంటున్నారు? వాయిదా పడ్డ పెళ్ళిళ్ళు! 2020, 21లో యాభై మందితో కానిచ్చేసినవాళ్ళు తర్వాత చెల్లెలి పెళ్ళికి ఆ ముచ్చటంతా తీర్చుకున్నారు. సంగీత్, మెహందీ మన ఇళ్ళల్లో ఇంతలా ఎప్పుడున్నాయండీ? ఇప్పుడు మూడు రోజుల పెళ్ళి, రెండు వైపులా గదులు, హోటల్‌కి గదుల అద్దె కన్నా బాంకెట్ బిల్లే పెద్దది.

కానీ ఒక చిక్కుంది, కార్పొరేట్ వాళ్ళ ఎక్సెల్ షీట్‌లో అది ఉండదు. మూఢం! 2024లో ఏప్రిల్ చివర నుంచి జూలై మొదటి వారం దాకా గురు శుక్ర మూఢాలు పడి, నిండు వేసవిలో ముహూర్తాలు లేవు. ఆ వెంటనే ఆషాఢం. బాంకెట్ హాళ్ళు వెలవెలబోయాయి. ఉత్తరాది నుంచి వచ్చిన ఒక జనరల్ మేనేజర్ గారు ‘మే నెలలో ఎందుకు బుకింగులు లేవు’ అని సేల్స్ టీమ్‌ని నిలదీస్తుంటే నేను పంచాంగం పట్టుకెళ్ళి చూపించాను. ఈ నవంబర్ చివర నుంచి ఫిబ్రవరి దాకా మళ్ళీ శుక్ర మూఢం. అందుకే ఇప్పుడు కార్తీకంలో ఉన్న నాలుగు ముహూర్తాలకి హాలు దొరకడం గగనమైపోయింది. జనవరిలో హోటళ్ళ ఆదాయం తగ్గితే ‘మార్కెట్ మందగించింది’ అని రాస్తారు చూడండి, నవ్వుకుందాం.

ఎర్రమంజిల్ ఎక్స్‌ప్రెస్

మేడమ్, ఆ జనరల్ మేనేజర్ గారి మొహం ఒక్కసారి చూడాలనుంది.

ఆర్కే బీచ్

విశాఖ వాళ్ళం ఒకరైనా మాట్లాడాలి కదా. మాది హైదరాబాద్‌కి సరిగ్గా ఉల్టా. మాకు శుక్ర, శని నిండుతాయి, సోమవారం ఖాళీ. 2023 మార్చిలో నెల మొదట్లో పెట్టుబడుల సదస్సు, నెలాఖరుకి జీ20 సమావేశం జరిగాయి, ఆ వారాల్లో గది దొరకలేదు. ఈ ఏడాది జూన్ 21 యోగా దినోత్సవానికీ అంతే. వచ్చే నెల 14, 15న సీఐఐ భాగస్వామ్య సదస్సు ఉంది. ఇలా సదస్సు వస్తే గుక్క తిప్పుకోలేనంత పని, వెళ్ళిపోతే మళ్ళీ మామూలే.

ఇప్పుడు గూగుల్ డేటా సెంటర్ వస్తోందని రియల్ ఎస్టేట్ వాళ్ళు హడావుడి చేస్తున్నారు. ఐదేళ్ళలో 15 బిలియన్ డాలర్లంటే చిన్న మాట కాదు. కాకపోతే డేటా సెంటర్ కట్టేటప్పుడు ఇంజనీర్లు, కాంట్రాక్టర్లు వచ్చి నెలల తరబడి ఉంటారు. కట్టాక లోపల ఉండేది మిషన్లే, వాటికి హోటల్ గది అక్కర్లేదు. నా లెక్కలో మా ఊరికి రోజువారీ వ్యాపారం తెచ్చేది టీసీఎస్ లాంటి మనుషులుండే ఆఫీసులు, పూర్తయ్యాక భోగాపురం ఎయిర్‌పోర్టు. మన హైదరాబాద్ వాళ్ళు శనాదివారాలు అరకు వెళ్ళడం మానకపోతే చాలు అంతవరకు నెట్టుకొస్తాం. వీటన్నిటికీ కారణం ఏ ప్రభుత్వమో కూడా చెప్పాలి మరి...

మోడరేటర్

ఏ ప్రభుత్వమో ఇక్కడ వద్దు. దాని కింద వచ్చిన ఆరు పోస్టులు తీసేశాను. హోటళ్ళ గురించే మాట్లాడుకుందాం.

నైట్ డ్యూటీ మేనేజర్

ఆర్కే బీచ్ గారు చెప్పిన సదస్సుల సంగతి ఇక్కడా అంతే. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ రేసు జరిగింది. మరుసటి ఏడాది కూడా ఉంటుందనుకుంటే జనవరిలో రద్దయింది. ఈ మేలో మిస్ వరల్డ్ పోటీలు వచ్చి వెళ్ళాయి. ఇవి ఫొటోలకి బావుంటాయి. ఏడాది పొడుగునా హోటల్‌ని పోషించేది కంపెనీ కాంట్రాక్టులే. ఆ బేరాలు సరిగ్గా ఇప్పుడే, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా జరుగుతాయి. వచ్చే ఏడాదికి రాత్రికి ఇంత, బ్రేక్‌ఫాస్ట్ కలిపి, చివరికి ఒక్క గదే మిగిలినా ఇదే రేటుకివ్వాలి అని సంతకాలవుతాయి. కంపెనీల వాళ్ళు ఇదివరకటిలా మారు మాట్లాడకుండా ఒప్పుకోవట్లేదు. అమెరికాలో ఖర్చుల కోత గురించి బాబాయ్ గారికే ఎక్కువ తెలియాలి.

ఇక ముందు ముందు ఎలా ఉంటుందంటే, కొత్త గదులు ఎన్ని వస్తాయన్న దాన్ని బట్టే ఉంటుంది. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్, శంషాబాద్ వైపు కడుతున్నారు. అయినా వరదలా వచ్చిపడతాయని నేననుకోను. 2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్ వేలంలో ఎకరం వంద కోట్లు దాటింది. ఆ ధర పెట్టి కొన్నవాడు అపార్ట్‌మెంట్ కట్టి, గోడలు లేవకముందే అమ్ముకుంటాడు. హోటల్ కట్టి నాలుగేళ్ళు ఆగి, రోజుకింత అని డబ్బు ఏరుకునే ఓపిక ఎవడికుంటుంది? కాబట్టి ఇప్పటికే ఉన్న హోటళ్ళకి ఇంకొన్నాళ్ళు ఢోకా లేదు. అయితే అది పడమటి వైపు మాట. బేగంపేట, సోమాజిగూడ కూడా ఇదివరకటి అంత కళగా లేవు, పెళ్ళిళ్ళతో నెట్టుకొస్తున్నాయి.

స్టేషన్‌రోడ్ లాడ్జి

అందరికీ థాంక్స్. ఇప్పుడు నా అసలు బాధ చెప్తాను. స్టేషన్ పునర్నిర్మాణం జరుగుతోంది, పాత ముఖద్వారం ఈ ఏడాదే కూల్చేశారు. జనవరిలో చర్లపల్లి టెర్మినల్ మొదలైంది, చాలా రైళ్ళు అటు మళ్ళాయి. ఇదివరకు రాత్రి దిగినవాడు బ్యాగుతో రోడ్డు దాటి నేరుగా మా కౌంటర్‌కి వచ్చేవాడు. ఇప్పుడు చర్లపల్లిలో దిగి అటునుంచి అటే క్యాబ్ ఎక్కుతున్నాడు. పైగా 2023లో విశాఖ వందే భారత్ రైలు వచ్చాక విజయవాడ నుంచి పనిమీద వచ్చేవాళ్ళు రాత్రికి ఉండకుండా వెళ్ళిపోతున్నారు.

లీజు మీద నాకు భయమే. 2018లో ఒక ఆన్‌లైన్ గదుల కంపెనీ నెలకి ఇంత గ్యారంటీ అని ఒప్పందం రాసి, మా బోర్డు తీసి వాళ్ళ బోర్డు పెట్టింది. 2020 ఏప్రిల్లో ఒక ఈమెయిల్‌తో గ్యారంటీ ఆపేసింది. దిండు గలీబుల మీద వాళ్ళ పేరు ఇంకా అలాగే ఉంది.

ఆడిటర్ చెప్తున్నా

మీ ప్రశ్నకి సంబంధించిన ఒక లెక్క ఇక్కడ ఎవరూ ఎత్తలేదు. సెప్టెంబర్ 22 నుంచి రోజుకి 7,500 లోపు గదికి జీఎస్‌టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. 2,000 గదికి ఇదివరకు అతిథి 2,240 కట్టేవాడు, ఇప్పుడు 2,100. చాలామంది ఇక్కడితో ఆగి సంతోషపడుతున్నారు. కానీ ఇన్‌పుట్ క్రెడిట్, అంటే మనం కొన్నవాటి మీద కట్టిన జీఎస్‌టీని మన పన్నులోంచి తగ్గించుకునే వీలు, పోయింది. ఆన్‌లైన్ సైటు మీ 2,000 మీద 20 శాతం కమిషన్ తీసుకుందనుకోండి, 400. దాని మీద 18 శాతం పన్ను 72 రూపాయలు. ఆ 72 ఇదివరకు క్రెడిట్ వచ్చేది, ఇప్పుడు మీ జేబులోంచే. గది గదికీ ఇది చిల్లు.

రెనొవేషన్ విషయంలో మీ తమ్ముడికి ఇది ముఖ్యం. కట్టుబడి పనులకి క్రెడిట్ ముందు కూడా లేదు. ఏసీలు, టీవీలు, మంచాలకి వచ్చేది, ఇప్పుడదీ లేదు. ఏసీల మీద పన్ను 28 నుంచి 18కి తగ్గడం కాస్త ఊరట.

ఇంకో తమాషా చూడండి. 7,500 గది 5 శాతంతో 7,875 అవుతుంది. 7,600 గది 18 శాతంతో 8,968. అందుకే ఇప్పుడు సైట్లలో 7,499 రేట్లు కుప్పలుగా కనిపిస్తాయి. మీకు దాంతో పని లేదులెండి.

మాజీ బ్యాంకు మేనేజర్

బాబూ, నా సలహా. 28 గదులూ ఒకేసారి చేయించకండి. అప్పు తేకుండా, ఉన్న డబ్బుతో ఒక ఫ్లోర్ చేయించి రేటు పెంచి చూడండి. స్టేషన్ పని పూర్తయ్యాక మీ స్థలానికి విలువ పెరుగుతుంది, అప్పటిదాకా వాయిదాలు లేకుండా ఉండగలగడమే మీ బలం.

నైట్ డ్యూటీ మేనేజర్

సార్ చెప్పింది బాగుంది. నేనైతే ముందు రిజిస్టర్ తియ్యమంటాను. ఈ మూడు నెలల్లో వచ్చినవాళ్ళు ఎందుకొచ్చారో చూడండి. రైలు కోసమా, ఆసుపత్రి కోసమా, పరీక్ష కోసమా? ఆసుపత్రి వాళ్ళు ఎక్కువుంటే మీ వ్యాపారం వేరే. వాళ్ళు వారాల తరబడి ఉంటారు, చిన్న వంటగది, వేడినీళ్ళు, లిఫ్ట్ ఉంటే చాలు, టీవీ సైజు అడగరు. టోలీచౌకి వైపు సుడాన్, యెమెన్ నుంచి వైద్యానికి వచ్చేవాళ్ళ కోసం ఇళ్ళే హోటళ్ళుగా మారాయి, ఒకసారి వెళ్ళి చూసి రండి. హాస్టల్ ఆలోచన మాత్రం జాగ్రత్త. లాక్‌డౌన్‌లో అమీర్‌పేట హాస్టళ్ళు రాత్రికి రాత్రే ఖాళీ అయ్యాయి, కోచింగ్ చాలావరకు ఆన్‌లైన్‌కి పోయింది.

స్టేషన్‌రోడ్ లాడ్జి

రిజిస్టర్ ఇప్పుడే తిరగేశాను. ‘వచ్చిన పని’ అనే గడిలో మా కుర్రాడు అందరికీ ‘సొంత పని’ అని రాసేశాడు! రేపట్నుంచి సరిగ్గా అడిగి రాయమన్నాను. చిరునామాలు చూస్తే మాత్రం కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్ వైపువే ఎక్కువ, రెండేసి మూడేసి రాత్రులున్నారు. ఆసుపత్రి వాళ్ళే అయ్యుండాలి.

ఒక్క సందేహం. మాది 24 గంటల చెక్అవుట్. రాత్రి పదకొండుకి వస్తే మర్నాడు రాత్రి పదకొండు దాకా ఉండొచ్చు. తమ్ముడు పెద్ద హోటళ్ళలా మధ్యాహ్నం పన్నెండుకే అందరూ ఖాళీ చేసేలా మార్చేద్దామంటున్నాడు. మార్చాలా?

నైట్ డ్యూటీ మేనేజర్

మార్చకండి. మా దగ్గర లేనిది, మీ దగ్గర ఉన్నది అదొక్కటే. బోర్డు మీద ఇంకా పెద్ద అక్షరాలతో రాయించండి, ఆన్‌లైన్ పేజీలో మొదటి లైన్‌లో పెట్టండి.

కల్యాణం కమనీయం

అవును, మార్చకండి. ఇంకోటి, ఫిబ్రవరిలో మూఢం వెళ్ళాక నాకు వంటవాళ్ళకీ, బ్యాండు వాళ్ళకీ గదులు కావాలి. ఆ ఫ్లోర్ అప్పటికి అవుతుందేమో చూసి మెసేజ్ పెట్టండి.